పడుకుని తొక్కే మూడు చక్రాల బండి: వెనక గేర్లు ఇంట్లోనే సరిచేసుకోవడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

పర్లాకిమిడి బజారులో ఈ బండి ఆపితే చాలు, నలుగురు చేరతారు. మొదటి ప్రశ్న "ఎంతయింది?", రెండోది "కాళ్ళకేమైనా అయిందా బాబూ?" ఈ రెండిటికీ ఇక్కడ జవాబు లేదు. ఈ తరహా ట్రైక్ కొన్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు ఫోన్లు చేసి అడిగేవి వేరు. అవి దాదాపు అన్నీ వెనక గేర్ల గురించే. నేను మెకానిక్‌ని కాదు. నడుము నొప్పితో మామూలు సైకిల్ మానేసి దీని మీదికి వచ్చినవాణ్ణి. ఊళ్ళో దీన్ని ముట్టుకునే మేస్త్రీ లేక నేర్చుకోవలసి వచ్చింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండి, డెరైలర్ గేర్లున్న బండినే మనసులో పెట్టుకుని రాశాను.

మామూలు గేర్ సైకిల్ గేర్లకీ వీటికీ తేడా ఏమిటి?

సామాను ఒకటే. వెనక చక్రానికి పళ్ళ చక్రాల గుత్తి, చైనుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నెట్టే డెరైలర్, దాన్ని లాగే తీగ. తేడా అంతా దూరంలోనే. పెడళ్ళు మీ ముందుంటాయి, గేర్లు మీ వీపు వెనకుంటాయి. మామూలు సైకిల్ చైనులో 114 నుంచి 116 లింకులుంటాయి. ఇలాంటివి రెండున్నర, మూడు కలిపితే గానీ ఈ బండికి సరిపోదు. ఆ చైను సీటు కింద కప్పీ మీంచి, ప్లాస్టిక్ గొట్టాల్లోంచి వెళ్తుంది. గేర్ తీగ కూడా హ్యాండిల్ దగ్గర ఒక మెలిక, సీటు పక్కన ఇంకో మెలిక తిరిగి వెనక్కి పోతుంది. మెలిక ఉన్నచోటల్లా రాపిడి ఉంటుంది.

ఇంకొకటి, వెనక చక్రం 20 అంగుళాలదే కాబట్టి డెరైలర్ కింది కొస నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. మన ఎర్రమట్టి రోడ్ల మీద దాని సంగతి మీరే ఊహించుకోండి.

గేర్ సరిగ్గా పడడం లేదు. ముందు ఏ స్క్రూ తిప్పాలి?

ఏదీ తిప్పొద్దు. స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయండి.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్తాను. బండి కొన్న మొదటి వానాకాలంలో, కాశీనగర్ వైపు వెళ్ళొచ్చిన మర్నాడు గేర్లు మొండికేశాయి. గేర్ మార్చే లివర్ నొక్కితే చైను పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కుతుంది గానీ, వదిలితే కిందికి దిగదు. ఆదివారం పొద్దున్నే కూర్చుని కనిపించిన స్క్రూ అల్లా తిప్పాను. మధ్యాహ్నానికి ఏది ఎంత తిప్పానో నాకే గుర్తు లేదు. సాయంత్రం మహేంద్రతనయ వంతెన దాకా వెళ్ళి చూద్దామని బయల్దేరాను. చిన్న మెట్ట దగ్గర తేలిక గేర్ వేసేసరికి చైను పెద్ద చక్రం దాటి, దానికీ బండి చక్రం పుల్లలకీ మధ్యలో పడి ఇరుక్కుంది. రెండు పుల్లలు చీరుకుపోయాయి. బండిని తోసుకుంటూ ఇంటికొచ్చాను.

అసలు లోపం ఎక్కడుందో వారం తర్వాత తెలిసింది. డెరైలర్‌లోకి దిగే చివరి ముక్క ఔటర్ (తీగ మీది గొట్టం లాంటి తొడుగు), అరచేయంత పొడవుండే వంపు, దాన్ని ఊడదీసి తీగ లాగితే లోపల్నుంచి తడిసిన ఎర్ర పళ్ళపొడి లాంటి ముద్ద బయటికొచ్చింది. డెరైలర్ స్ప్రింగు పాపం దిగడానికే చూస్తోంది, మట్టి పట్టిన తీగ జారనివ్వడం లేదు. ఒక ముక్క ఔటర్, ఒక ఇన్నర్ (లోపలి తీగ) మార్చాను. అంతే. తర్వాత నా చేత్తో చెడగొట్టిన స్క్రూలన్నీ మళ్ళీ మొదటికి తెచ్చుకోవడానికి ఇంకో ఆదివారం పట్టింది.

నిన్నటి దాకా బాగా పడిన గేర్లు ఇవాళ పడకపోతే స్క్రూలు వాటంతటవే తిరిగి ఉండవు. తీగ పట్టేసి ఉంటుంది, లేదా ఔటర్ నలిగి ఉంటుంది, లేదా ఏదో దెబ్బ తగిలి ఉంటుంది. ఎక్కడానికి ఇబ్బంది లేకుండా దిగడానికే మొండికేస్తే నూటికి తొంభైపాళ్ళు తీగే అనుకోండి.

తీగ పట్టేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనక చక్రం పైకి లేపి, పెడల్ తిప్పుతూ పెద్ద చక్రం మీదికి గేర్ వేయండి. పెడల్ ఆపేయండి. ఇప్పుడు లివర్‌ని చివరి దాకా వదిలేయండి. చైను కదలడం లేదు కాబట్టి డెరైలర్ అక్కడే ఉండిపోతుంది, తీగ వదులవుతుంది. ఫ్రేమ్ మీద ఔటర్ కూర్చునే గూళ్ళకి చీలిక ఉంటే ఔటర్ ముక్కల్ని చేత్తో ఊడదీసి తీగ మీద అటూ ఇటూ జరపొచ్చు. జారితే మంచిదే. గరగరమంటే లోపల మట్టో తుప్పో ఉన్నట్టు. గూళ్ళకి చీలిక లేని బండైతే డెరైలర్ దగ్గర తీగ పట్టే బోల్టు వదులు చేయక తప్పదు.

ఈ ఒక్క పని వచ్చినవాళ్ళకి సగం గేర్ల పని వచ్చినట్టే.

ఏం పనిముట్లు కావాలి?

4, 5 మి.మీ. అలెన్ కీలు, సన్న ప్లస్ స్క్రూడ్రైవర్, పదునైన కేబుల్ కట్టర్. మామూలు కటింగ్ ప్లయర్‌తో ఇన్నర్ కోస్తే కొస చీపురులా విచ్చుకుంటుంది, తర్వాత ఔటర్‌లోకి దూరదు. స్టీలు స్కేలు ఒకటి ఉంచుకోండి, చైను అరిగిందో లేదో చూడడానికి. అన్నిటికంటే ముఖ్యమైనది రెండో మనిషి.

రెండో మనిషి ఎందుకు?

మామూలు సైకిల్‌కి ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో మర తిప్పొచ్చు. ఇక్కడ మీరు డెరైలర్ దగ్గర కూర్చుంటే పెడల్ అందదు. నేను వెనక వసారాలో దూలానికి నూలు తాడు వేసి, సీటు వెనక ఫ్రేముకి కట్టి, చక్రం నేల మీంచి నాలుగు వేళ్ళు లేచేలా లాగి కడతాను. ముందు చక్రాలకి పార్కింగ్ బ్రేకు. పీట వేసుకుని వెనక నేను. ముందు మా గుంటడు బాసింపట్టు వేసుకుని చేత్తో పెడల్ తిప్పుతాడు. "తిప్పు" అంటే తిప్పాలి, "ఆగు" అంటే ఆగాలి, నా వేలు చైను దగ్గరున్నప్పుడు వాడి రెండు చేతులూ ఒళ్ళో ఉండాలి. ఈ ఒప్పందం కుదరకపోతే పని మొదలుపెట్టొద్దు. తిరిగే చైనుకీ పళ్ళకీ మధ్య వేలు పడితే ఏమవుతుందో రాయక్కర్లేదు.

ఒంటరిగా చేయాల్సి వస్తే గ్లవ్ వేసుకుని, పై వరస చైనుని, అంటే పెడల్ బలం వెనక్కి తెచ్చే వరసని, ముందుకి లాగితే చక్రం తిరుగుతుంది. పని జరుగుతుంది గానీ గ్లవ్ పనికిరాకుండా పోతుంది.

హెచ్, ఎల్ అని రాసి ఉన్న రెండు చిన్న స్క్రూలు ఏం చేస్తాయి?

అవి కంచెలు. డెరైలర్ అటు ఎంత దూరం పోవచ్చు, ఇటు ఎంత దూరం పోవచ్చు అని ఆపుతాయి, అంతకు మించి వాటికి పని లేదు. మధ్య గేర్లతో వాటికి సంబంధమే లేదు. హెచ్ చిన్న చక్రం వైపు కంచె, ఎల్ పెద్ద చక్రం వైపు కంచె. రెండిటికీ ఒకటే లెక్క. బిగిస్తే దారి తగ్గుతుంది, విప్పితే దారి పెరుగుతుంది.

హెచ్ చూడాలంటే ముందు తీగ పూర్తిగా వదులు చేయాలి. తీగ లాగుతూ ఉంటే చూసేది తప్పు అవుతుంది. వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. డెరైలర్ రెండు చిన్న చక్రాల్లో పైది, గుత్తిలో అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. చైను ఫ్రేము వైపు జారిపోతుంటే హెచ్ పావు తిప్పు బిగించండి. చిన్న చక్రం మీద కూర్చోకుండా రెండోదాని మీదికి ఎక్కాలని గోల చేస్తుంటే పావు తిప్పు విప్పండి.

ఎల్ దగ్గర తొందర వద్దు. నా పుల్లలు చీరుకుపోయింది ఇక్కడే. లివర్‌తో కాదు, డెరైలర్‌ని బొటనవేలితో లోపలికి మెల్లగా తోస్తూ, గుంటణ్ణి మెల్లగా తిప్పమనండి. చైను పెద్ద చక్రం ఎక్కాలి, ఆ తర్వాత మీరు ఎంత తోసినా అది పుల్లల వైపు పోకూడదు. పోతుందనిపిస్తే ఎల్ బిగించండి. ఈ ట్రైక్ మీద వీపు వెనక ఏం జరుగుతోందో మీకు కనపడదు. చప్పుడు వినేసరికే చైను పుల్లల్లో ఉంటుంది. అందుకే ఎల్ కాస్త బిగువుగా ఉంటేనే నాకు నిశ్చింత. పెద్ద చక్రం ఎక్కడానికి అర క్షణం ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఎన్నిసార్లు తిప్పారో సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టుకోండి. నవ్వకండి, పనికొస్తుంది.

ఒక క్లిక్‌కి ఒక గేర్ పడడం లేదు, లేదా రెండు పడుతున్నాయి. ఎలా?

ఇది తీగ బిగువు లెక్క. డెరైలర్‌లోకి తీగ దూరేచోట చేత్తో తిప్పే గుండ్రటి మర ఉంటుంది, బ్యారెల్ అంటారు. కొన్ని బండ్లకి లివర్ దగ్గర ఇంకొకటి ఉంటుంది.

చిన్న చక్రం మీద పెట్టి, బ్యారెల్‌ని పూర్తిగా లోపలికి తిప్పేసి, మళ్ళీ ఒక చుట్టు బయటికి తెచ్చి, తీగని చేత్తో లాగి పట్టుకుని బోల్టు బిగించండి. ఒక క్లిక్ వేయించండి. రెండో చక్రం మీదికి రాకపోతే, లేదా బద్ధకంగా ఎక్కితే, బ్యారెల్‌ని బయటికి వచ్చేలా పావు తిప్పు తిప్పండి. తీగ బిగుస్తుంది. ఒకేసారి మూడోదాని మీదికి గెంతితే, లేదా మూడో చక్రం పళ్ళకి తగులుతూ చిర్రుమంటుంటే, లోపలికి పావు తిప్పు. ప్రతి పావు తిప్పుకీ ఎక్కించి దించి చూడాలి. సరిగ్గా కుదిరినప్పుడు ఆ చప్పుడే వేరు. లివర్ దగ్గర ఒక టక్, వెనక ఒక టక్, తర్వాత చైను పారే చప్పుడు మాత్రమే. మా వాడు కూడా ఇప్పుడు చూడకుండానే "నాన్నా, ఇంకో పావు" అంటాడు. చాలాసార్లు వాడిదే రైటవుతుంది.

కొత్త తీగ వేశాక మొదటి యాభై, అరవై కిలోమీటర్లలో మళ్ళీ వదులైనట్టు అనిపిస్తుంది. తీగ సాగిందనుకుంటారు. ఎక్కువ భాగం ఔటర్ ముక్కలు తమ గూళ్ళలో సర్దుకోవడమే. మన బండిలో ఔటర్ ముక్కలు ఎక్కువ, కాబట్టి సర్దుకునేది కూడా ఎక్కువ. బ్యారెల్ అర తిప్పుతో అయిపోతుంది.

మూడో స్క్రూ ఒకటుంది, బి అంటారు. అది?

డెరైలర్ పై చిన్న చక్రానికీ గుత్తిలో పెద్ద పళ్ళ చక్రానికీ మధ్య సందు ఎంత ఉండాలో అది చూసుకుంటుంది. మామూలు డెరైలర్లకి ఆ సందు 5, 6 మి.మీ. చాలు. పెద్ద చక్రం మీద గడగడమని రెండూ రాసుకుంటే బి బిగించండి. సందు మరీ ఎక్కువైతే గేర్లు మందంగా పడతాయి. ఒకసారి సరిచేస్తే ఏళ్ళ తరబడి ముట్టుకోనక్కర్లేదు.

అన్నీ చేశాను. చివర్లు రెండూ బాగున్నాయి, మధ్యలో రెండు గేర్లు మాత్రం కుదరడం లేదు.

డెరైలర్ వేలాడే కొక్కెం, అంటే హ్యాంగర్, వంగి ఉంటుంది. బండి ఎప్పుడూ పడలేదు కదా అంటారు. మూడు చక్రాల బండి అంత తేలిగ్గా పడదు, నిజమే. కానీ ట్రాలీ ఆటోలో వేసి తీసుకొచ్చినప్పుడు, గుమ్మం మెట్టు దించినప్పుడు, రోడ్డు పక్క కంకర మీదికి దిగినప్పుడు కిందికి వేలాడే ఆ డెరైలర్‌కే దెబ్బ తగులుతుంది. వెనక నుంచి చూస్తే డెరైలర్ నిలువుగా వేలాడాలి, కింది భాగం పుల్లల వైపు తిరిగి ఉంటే వంగినట్టే.

ప్రత్యేకమైన గేజ్ లేకపోతే ఒక ఉపాయముంది. హ్యాంగర్ రంధ్రంలో మర 10 మి.మీ. లావు, మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1 మి.మీ. క్విక్ రిలీజ్ (పనిముట్టు లేకుండా చక్రం ఊడదీసే లివర్) ఉన్న గేర్ సైకిళ్ళ వెనక ఇరుసుకి సాధారణంగా అదే మర. డెరైలర్ విప్పేసి, అలాంటి చక్రం ఒకటి ఎరువు తెచ్చి, దాని ఇరుసుని హ్యాంగర్‌లోకి తిప్పి ఎక్కించండి. రెండు చక్రాల రిమ్ములూ పక్కపక్కన నిలుస్తాయి. చుట్టూ సందు సమానంగా ఉండాలి. లేకపోతే ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచొచ్చు. పాల క్యాన్లు మోసే మామూలు సైకిల్ ఇరుసు మాత్రం వాడొద్దు. దాని మర కొలత వేరు, హ్యాంగర్ మరలు చెడిపోతాయి.

హ్యాంగర్ బాగుంటే చైను చూడండి. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెట్టి 24 లింకులు కొలిస్తే కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే మార్చే వేళ దగ్గరపడినట్టు, ఎనిమిదో వంతు ఎక్కువైతే పళ్ళ చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. ఒక్కటే ఓదార్పు. మూడు చైనుల పొడవు మీద అరుగుదల పంచుకుంటుంది కాబట్టి ఈ బండి చైను చాలా కాలం వస్తుంది. మార్చేటప్పుడు మాత్రం మూడు చైనుల డబ్బూ ఒకేసారి పెట్టాలి.

మా ఆవిడ తొక్కడానికి, పెడళ్ళుండే ముందు గొట్టాన్ని లోపలికి జరిపాను. అప్పట్నుంచి గేర్లు తేడాగా ఉన్నాయి. ఎందుకు?

ముందు గొట్టం 1 సెం.మీ. జరిపితే చైను పైనా కిందా కలిపి 2 సెం.మీ. తేడా వస్తుంది. 5 సెం.మీ. జరిపితే 10 సెం.మీ., అంటే దాదాపు 8 లింకులు. లోపలికి జరిపితే చైను వేలాడి, చిన్న గేర్ల దగ్గర డెరైలర్ ఆ వదులు మింగలేదు. బయటికి జరిపితే ఇంకా ప్రమాదం. ముందు పెద్ద, వెనక పెద్ద చక్రాల మీద చైను చాలక డెరైలర్‌ని ముందుకి గుంజేస్తుంది. జరిపిన ప్రతిసారీ పెద్ద, పెద్ద కలిపి చేత్తో ఒకసారి తిప్పి చూశాకే ఎక్కండి. ఇద్దరూ తొక్కే ఇంట్లో చిన్న చైను ముక్క, దానికి చేత్తో విడదీసే లింకులు రెండు ఉంచుకుంటే మంచిది. వెనక గేర్ తీగకి దీంతో పని లేదు, అది గొట్టం వైపు పోదు.

8 గేర్ల లివర్ పోయింది. 9 గేర్లది పెట్టొచ్చా?

పెట్టొచ్చు గానీ క్లిక్కులు కుదరవు. 8 చక్రాల గుత్తిలో ఒక చక్రం నుంచి ఇంకోదానికి 4.8 మి.మీ., 9 చక్రాల దాంట్లో 4.35 దగ్గర. లివర్ లోపలి గాట్లు ఆ కొలతకే కోసి ఉంటాయి. ఈ క్లిక్కుల పద్ధతిని షిమానో 1984లో బాగా వాడుకలోకి తెచ్చింది. అంతకు ముందు దాదాపు అందరూ చెవితోనే గేర్లు వేసేవారు. దొరక్కపోతే పాత రకం క్లిక్కులు లేని లివర్ పెట్టుకోండి, ఎన్ని చక్రాలకైనా పనికొస్తుంది. నా బండికి రెండు నెలలు అదే ఉంది. నిజం చెప్పొద్దూ, అదే బాగుందనిపించింది.

సామాను ఇక్కడ దొరుకుతుందా?

పర్లాకిమిడిలోనైనా, ఏరు దాటి పాతపట్నంలోనైనా షాపుల్లో అడిగితే ముందు బ్రేకు తీగే ఇస్తారు. అది లావు, తల కూడా పెద్దది, గేర్ లివర్‌లో పట్టదు. గేర్ ఇన్నర్ 1.2 మి.మీ. లావుంటుంది. పొడవు కూడా చూసుకోండి. మామూలుగా దొరికేది 2.1 మీటర్లు, నా బండికి అది బెత్తెడు తక్కువైంది. ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ళ కోసం చేసే 3 మీటర్ల తీగ తెప్పించుకుని కోసుకున్నాను. ఔటర్ కూడా గేర్‌దే కావాలి. బ్రేకు ఔటర్ లోపల స్ప్రింగులా చుట్టిన తీగ ఉంటుంది. లాగినప్పుడు అది కాస్త నలుగుతుంది, ఆ కాస్తకే గేర్ తప్పుతుంది. గేర్ ఔటర్‌లో సన్న తీగలు నిలువుగా పరిచి ఉంటాయి.

ఇంటిలో రెండు ఇన్నర్లు, మీటరు ఔటర్ అదనంగా పెట్టుకోండి. తుపాను రోజుల్లో కొరియర్ కోసం ఎదురుచూడడం కంటే అది నయం.

వానాకాలంలో ఏం చేయాలి?

తడిసి వచ్చిన రోజే డెరైలర్ మీద చెంబుడు నీళ్ళు పోసి మట్టి కడగండి. ఎండితే ఎర్రమట్టి గట్టిపడుతుంది. చివరి ఔటర్ వంపుని సీజన్‌కి ఒకసారి మార్చేయండి, అరచేయంత ముక్కే కదా. తీగలోకి కొబ్బరినూనె పోయొద్దు, కొన్నాళ్ళకి జిగురు పడుతుంది. చైను గొట్టాల్లోకి నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా చప్పుడు చేస్తాయి. చైను తీసి కిరసనాయిల్‌తో కడిగి, ఆరాక చైనుకి మాత్రమే నూనె వేసి తుడవండి.

మోహన, చంద్రగిరి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు గేర్ పడక ఆగిపోతున్నాను.

గేర్ల తప్పు కాదు. మామూలు సైకిల్ మీద బరువు తగ్గించి, లేచి నిలబడి గేర్ వేస్తాం. ఇక్కడ లేవలేం. ఎక్కుడు మొదలయ్యే ముందే, కాలి మీద బరువు లేనప్పుడే తేలిక గేర్ వేసుకోవాలి. మరీ నెమ్మదిగా పోయినా ఈ బండి పక్కకి పడదు కాబట్టి సిగ్గుపడక అన్నిటికంటే తేలిక గేర్‌లో పెట్టండి. ఎడ్లబండి దాటిపోయినా ఫర్వాలేదు.

నాది హబ్ లోపల గేర్లున్న బండి.

అదృష్టవంతులు. షిమానో నెక్సస్ 7, 8 గేర్ల హబ్బులకి లివర్‌ని 4లో పెట్టి, హబ్ పక్కన కనిపించే రెండు రంగు గీతలు కలిసేలా బ్యారెల్ తిప్పితే అయిపోయింది.

ఇంత మంచి బండైతే సైకిల్ పందేల్లో ఎందుకు కనపడదు?

చేతులు నల్లగా ఉన్నప్పుడే ఎవరో ఒకరు ఇది అడుగుతారు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి ఆయన ఇలాగే పడుకుని తొక్కే రెండు చక్రాల సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి చెక్కుచెదరని రికార్డుని దాటేశాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇలాంటివి సైకిళ్ళే కావని పందేల నుంచి పక్కన పెట్టేసింది. గేర్ల పనికి దీంతో సంబంధం లేదు, అడిగారు కాబట్టి చెప్పాను.

చేతికి అంటిన నలుపు ఎలా పోతుంది?

సబ్బు కంటే ముందు కొబ్బరినూనె. గోళ్ళ సందుల్లోకి పోయేలా రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత శనగపిండి, ఆఖర్న సబ్బు. పాత గుడ్డ అంటే నిజంగా పాతదే. ఉతికి ఆరేసిన తువ్వాలు అందింది కదా అని తుడుచుకుంటే ఆ మరక జన్మలో పోదు. మా ఇంట్లో అలాంటిది ఒకటి ఇప్పుడు బండి పనికే కేటాయించి ఉంది.